పన్నెండూ ఇరవైకి నిండిన ట్యాంకు

మా ఇంటి వెనక గోడ మీద పది గీతలున్నాయి. ఆకుపచ్చ రంగుతో నేనే గీశాను. డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకులో మూత బిగించిన ఖాళీ సీసా ఒకటి తేలుతూ ఉంటుంది. దానికి కట్టిన నైలాను తాడు చిన్న కప్పీ మీదుగా గోడ వెంట కిందికి దిగుతుంది. తాడు చివర ఇనుప నట్టు. ట్యాంకులో నీళ్ళు తగ్గేకొద్దీ నట్టు పైకి పోతుంది, నిండేకొద్దీ కిందికి వస్తుంది. ఒక్కో గీతకు వంద లీటర్లు. పక్కనే అంకెలు కూడా రాశాను.

నా భార్య బాలాత్రిపురసుందరి దాన్ని చూసి మొదట నవ్వింది. “లెక్కల మాస్టారింట్లో గోడ కూడా స్కేలేనండీ” అని పక్కింటి తెరేసమ్మ గారితో చెప్పింది. తర్వాత ఆ గీతలకు నాకన్నా ఎక్కువగా కట్టుబడింది సుందరే. నట్టు రెండు దగ్గరికి చేరితేనే మోటారు వేసేది. మూడు దగ్గర వేసేది కాదు. ఒకటి దాకా పోనిచ్చేది కాదు. మేము కంకిపాడులో ఈ ఇంట్లోకి వచ్చిన పన్నెండేళ్ళలో ఆ పద్ధతి ఒక్కసారైనా తప్పినట్టు నాకు గుర్తు లేదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం సుందరి ఆ గోడ పక్కనే, బట్టలుతికే రాయి దగ్గర పడిపోయింది. ఆ రోజు సంగతులు నాకు తెలిసినంతవరకు ఇవి.

నేను బడిలో ఉన్నాను. నా బడి ఇంటికి స్కూటరు మీద పది నిమిషాల దూరం. పదకొండూ ముప్పై రెండుకి, ఖాళీ పీరియడులో, ఇంటికి ఫోన్ చేశాను. గ్యాసు బుక్ చేసిందో లేదో అడుగుదామని. పూర్తిగా మోగి ఆగిపోయింది. పూజలో ఉందనుకున్నాను. మళ్ళీ చేయలేదు.

మా అమ్మాయి శాంభవి విజయవాడలో ఇంటర్ రెండో సంవత్సరం. ఆ రోజు ప్రాక్టికల్స్ తొందరగా అయిపోయి బస్సు దిగి పదకొండూ నలభై అయిదుకి ఇంటికి వచ్చింది. మా మేడమెట్లు వీధివైపు, బయటినుంచే ఉంటాయి. తను నేరుగా పైగదిలోకి వెళ్ళి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆన్‌లైన్ క్లాసు తెరిచింది. కొంతసేపటికి ట్యాంకు పొంగి కిటికీ మీది సన్‌షేడు మీద నీళ్ళు పడసాగాయి. శాంభవి కిందికి దిగలేదు. “అమ్మా ట్యాంకు నిండింది” అని వెంటనే వాళ్ళమ్మ ఫోనుకు మెసేజ్ పెట్టింది. టైము పన్నెండూ ఇరవై. నీళ్ళు ఇంకా పడుతూనే ఉంటే పన్నెండూ నలభైకి విసుక్కుంటూ దిగింది.

మోటారు తిరుగుతోంది. టబ్బు మీది కుళాయి పూర్తిగా తిప్పి ఉంది. బట్టలు తడవలేదు. సబ్బు తడవలేదు. అంటే మోటారు వేసి, కుళాయి తిప్పి, అక్కడే పడిపోయింది.

డాక్టరు గారు చెప్పింది కొంచెమే. “గుండె ఒక్కసారిగా ఆగిపోయిందండి. పడ్డాక అయిదు నిమిషాలు, మహా అయితే పది. ఆ లోపల ఎవరైనా చూసుంటే...” అని శాంభవి వైపు చూసి ఆపేశారు. ఆయన ఆపకుండా ఉంటే బాగుండేది. ఆగిన చోటినుంచి పిల్ల తనే పూర్తి చేసుకుంది.

కర్మకాండ అయ్యాక బంధువులు వెళ్ళిపోయారు. నేను బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. శాంభవి కాలేజీకి వెళ్ళలేదు. పైగదిలోంచి పరుపు, పుస్తకాలు కిందికి తెచ్చేసుకుంది. మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. కంచంలో అన్నం కలిపి, వేళ్ళతో గీతలు గీస్తూ కూర్చుని, నేను చూస్తున్నానని తెలిసినప్పుడు రెండు ముద్దలు తినేది. నేను బడిలో ఉండగా రెండుసార్లు మోటారు వేసి డాబా ఎక్కి ఏదో చేసిందని తెరేసమ్మ గారు చెప్పారు. డాబాకి మా ఇంటి వెనకవైపు ఇనుప నిచ్చెన ఉంది. దాని మీదుగా ఎక్కిందట.

అప్పటినుంచి నాకు పాఠం సాగేది కాదు. పీరియడు పీరియడుకీ ఫోన్ చేసేవాణ్ణి. ఎత్తేదాకా మోగే ప్రతి మోతనీ లెక్కపెట్టేవాణ్ణి. నాలుగు మోతలు దాటితే స్కూటరు తాళం చేతిలోకి తీసుకునేవాణ్ణి. ఎత్తితే ఏం మాట్లాడాలో తెలిసేది కాదు.

“తిన్నావా?”

“తిన్నాను నాన్నా.”

“ఏం తిన్నావు?”

“మీరు పొద్దున్నే వండిపెట్టిందే కదా.”

ఒక సాయంత్రం పేపర్ల కింద తన లాంగ్ నోట్‌బుక్ కనపడింది. తెరిచాను. ఒక పేజీ నిండా తన గుండ్రటి చేతిరాత. పైన ఇలా ఉంది.

“x = మోటారు వేసిన దగ్గర్నుంచి ట్యాంకు నిండేదాకా పట్టిన నిమిషాలు. మొదట్లో నీళ్ళు 200. నిండాల్సింది 800. మోటారు నిమిషానికి 24 లీటర్లు, వాటర్ క్యాన్‌తో చూశాను, 20 లీటర్లకి 50 సెకన్లు. కుళాయిలోంచి నిమిషానికి 8 లీటర్లు పోతాయి, అదే క్యాన్ రెండున్నర నిమిషాలు. 24x = 800 + 8x.”

పేజీ అడుగున x = 25 అని ఉంది. దాని కింద, నేను నేర్పినట్టే, ‘సరిచూచుట’ అని రాసి, పక్కన టిక్కు. ఇంకా కింద, ఇంకో రంగు పెన్నుతో: “12:20 లోంచి 25 తీస్తే 11:55. నేను అప్పటికి వచ్చి పది నిమిషాలైంది. 12:05 దాకా అమ్మ ఉంది. నేను పైన ఉన్నాను.”

నేను నోట్‌బుక్ మూసి పేపర్ల కింద ఉన్నచోటే పెట్టాను. మధ్య వరుసలు చదవలేదు. ఇరవై ఆరేళ్ళుగా పిల్లల పేపర్లు దిద్దుతున్నవాణ్ణి, మొదటి వరుస, చివరి వరుస, టిక్కు చూసి వదిలేశాను. చదివితే అంతా సరిగ్గా ఉందని తేలుతుందని భయం. తేలితే ఆ పిల్లకు నేను చెప్పగలిగింది ఏమీ ఉండదు. లెక్కల విషయంలో నేను అబద్ధం ఆడితే తనకు వెంటనే తెలిసిపోతుంది.

అలా పదకొండు రోజులు గడిచాయి. ఆ పదకొండు రోజులూ నేను మంచినీళ్ళ గ్లాసు చప్పుడుకి కూడా తిరిగి చూశాను.

పన్నెండో రోజు శనివారం. ఎనిమిదో తరగతిలో కీర్తన అనే అమ్మాయి బోర్డు దగ్గర లెక్క చేస్తోంది. 4x − 6 = 30. తను 4x = 24 అని రాసి, x = 6 తెచ్చి, కింద 4 × 6 = 24 అని రాసి పెద్ద టిక్కు పెట్టింది.

వెనకనించి సుస్మిత అంది, “దానికది పెట్టుకుంది సార్ టిక్కు. ఇంకాస్త చోటుంటే వెరీగుడ్ కూడా రాసుకునేది.”

“నువ్వు నోర్ముయ్యవే. సరిపోయింది కదా సార్?”

“ఆరుని ఎక్కడ పెట్టి చూశావమ్మా?”

“ఇక్కడ సార్. ఈ లైన్లో.”

“ఆ లైను ప్రశ్నలో ఉందా?”

“లేదు సార్. నేను రాశాను.”

“నువ్వు రాసిన లైన్లో నీ జవాబు ఎప్పుడైనా సరిపోతుంది. తప్పు ఆ లైనుకంటే పైన జరిగితే దానికెలా తెలుస్తుంది? ప్రశ్నలో ఇచ్చినదాంట్లో పెట్టు.”

కీర్తన పెట్టింది. నాలుగార్లు ఇరవై నాలుగు, ఆరు తీస్తే పద్దెనిమిది. ముప్పై రాలేదు. “అయ్యో” అని టిక్కు చెరిపేసింది. క్లాసు నవ్వింది.

నేను నవ్వలేదు. శాంభవి ఎక్కడ పెట్టి సరిచూసుకుందో నాకు తెలియదు. నేను చూడలేదు. ఆ తర్వాత మిగిలిన పావుగంట ఏం చెప్పానో గుర్తు లేదు. భోజనాల గంట కొట్టగానే హెడ్మాస్టరు గారికి చెప్పి స్కూటరు తీశాను. కాలవగట్టు మీద మట్టి ట్రాక్టర్లు అడ్డం. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను: మధ్య వరుస తప్పయి ఉండాలి. ఒక లెక్క తప్పు కావాలని అంతగా కోరుకోవడం అదే మొదలు.

శాంభవి ముందుగదిలో నేల మీద కూర్చుని ఉంది. నేను పలకరించకుండా పేపర్ల కిందినుంచి నోట్‌బుక్ తీసి, నిలబడే చదివాను.

24x = 800 + 8x. దాని కింద 24x + 8x = 800. దాని కింద 32x = 800. x = 25. సరిచూచుట: 32 × 25 = 800.

ఆ 8x ఇటు వచ్చేటప్పుడు గుర్తు మారలేదు. ఎనిమిదో తరగతి తప్పు. కాలేజీలో నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకునే పిల్ల, తిండి సయించని ఆ రోజుల్లో రాసింది. తన లైన్లోనే పెట్టి సరిచూసుకుని నమ్మింది.

“నాన్నా, అది చదవద్దు” అంది శాంభవి.

“పెన్ను ఇటివ్వు.”

“చదివారా?”

“పదకొండు రోజుల క్రితమే చూశాను. చదవడం ఇవాళ చదివాను. ఇరవై అయిదుని పై లైన్లో పెట్టమ్మా. నువ్వు మొదట రాసిన దాంట్లో.”

తను పెన్ను ఇవ్వలేదు. నోట్‌బుక్ లాక్కుని చూసింది. పెదవులు కదిలాయి. ఎడమవైపు ఆరువందలు. కుడివైపు ఎనిమిదివందలూ రెండువందలూ, వెయ్యి. మధ్య లైను మీద వేలు పెట్టింది.

“ఇక్కడ మైనస్.”

“ఊఁ.”

“పదహారు x. యాభై.” పన్నెండూ ఇరవైలోంచి యాభై తీసింది. నేను కూడా తీశాను, నాది ముందే అయిపోయింది. పదకొండున్నర. డాక్టరు గారు చెప్పిన పదీ కలిపితే పదకొండూ నలభై. తను ఇల్లు చేరింది పదకొండూ నలభై అయిదుకి.

తన ముఖంలో నేననుకున్న మార్పు రాలేదు. నోట్‌బుక్ మూసేసింది.

“మీరు నా కోసం చేస్తున్నారు.”

“గుర్తు నేను మార్చలేదు శాంభవీ. నువ్వే పట్టుకున్నావు.”

“కాదు. నేను వచ్చాక మోటారు స్టార్టయింది. నాకు వినపడింది.”

నేను కుర్చీలో కూర్చున్నాను. తర్వాతి మాట అడగాలంటే భయమేసింది. అడక్కపోతే ఎప్పటికీ అడగలేను.

“వినపడిందని నీకు ఎప్పటినుంచి గుర్తుంది? లెక్క చేయకముందా, చేశాకా?”

తను కిటికీ వైపు తిరిగి కూర్చుంది. “తెలీదు” అంది చివరికి. “అడక్కండి.”

“సరే. నన్ను నమ్మొద్దు. నోట్‌బుక్కునీ నమ్మొద్దు. రేపు ఆదివారం. ట్యాంకుని అడుగుదాం.”

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. లెక్క సరైనదే. కానీ క్యాన్‌తో కొలవడంలో తేడా ఉంటే? నా గీతలు సరిగ్గా లేకపోతే? పన్నెండేళ్ళ కిందట గీసినవి. రేపు ట్యాంకు ఇరవై అయిదు నిమిషాల్లోనే నిండితే, పిల్లను నా చేతులతోనే అక్కడికి తీసుకెళ్ళి నిలబెట్టినవాణ్ణి అవుతాను.

తెల్లవారాక కుళాయి వదిలి నట్టు పైకి పోయేదాకా చూస్తూ కూర్చున్నాం. చర్చి నుంచి వచ్చిన తెరేసమ్మ గారు పిట్టగోడ మీదినుంచి చూశారు.

“ఏంటన్నయ్యగారూ, నీళ్ళలా వదిలేశారు? ఒదిన చూస్తే ఊరుకునేదా?”

“చిన్న పని ఉందండి.”

“పనంట. ఏమే అమ్మడూ, మెడ కొంగలా అయిపోయింది. వంకాయ కూర తెస్తాను, తినకపోతే నీ నోట్లో కుక్కుతా చూడు.” ఆవిడ ఆ గురువారం కూడా ఇంట్లోనే ఉన్నారు. అదే పిట్టగోడ అవతల మిరపకాయలు ఆరబోసుకుంటూ.

నట్టు రెండు దగ్గరికి చేరింది. శాంభవి కుళాయిని ఆ రోజు ఉన్నంత తిప్పింది. నేను మోటారు వేశాను. తను ఫోనులో టైము మొదలుపెట్టింది.

ఉతికే రాయి మీద ఇద్దరం కూర్చున్నాం. మోటారు చప్పుడు. టబ్బులో నీళ్ళ చప్పుడు. టబ్బు నిండి నీళ్ళు మా కాళ్ళ కిందినుంచి తూముకు పోతున్నాయి. రెండు నిమిషాలైనప్పుడు నేను వంటింటి కిటికీ వైపు చూశాను. సుందరి ఫోను ఎప్పుడూ ఫ్రిజ్ మీద ఉంటుంది. మోగితే ఇక్కడికి బాగా వినపడుతుంది.

పది నిమిషాలు. పదిహేను. నట్టు మీద కళ్ళు పెట్టి చూస్తే కదిలినట్టు ఉండదు. ఇరవై దాటాక శాంభవి లేచి నిలబడింది. గోళ్ళు కొరుక్కుంటోంది. డాబా అంచు వైపే చూస్తోంది. నేను కూడా అటే చూశాను. సన్‌షేడు పొడిగా ఉంది.

“ఇరవై నాలుగు” అంది.

నేను గోడ పట్టుకున్నాను.

“ఇరవై అయిదు.”

పైనించి ఏమీ పడలేదు. సన్‌షేడు మీద ఒక పిచ్చుక వచ్చి వాలింది. శాంభవి నట్టు దగ్గరకు వెళ్ళి వేలు పెట్టింది. ఆరు. ఆరువందలు. ఇంకా నాలుగువందల లీటర్లు ఖాళీ.

“ఇరవై ఆరు” అంది. “ఇరవై ఏడు.” ఆ తర్వాత నిమిషాలు పైకి చెప్పడం మానేసి మళ్ళీ రాయి మీద కూర్చుంది. ఈసారి నాకు దగ్గరగా.

“నాన్నా, ఆ రోజు గేటు తీసినప్పుడు మోటారు చప్పుడు ఉందేమో. రోజూ ఉండేదే కదా. పట్టించుకోలేదేమో.”

“ఉండొచ్చు.”

“స్టార్టయింది అన్నది... లెక్క చేశాకే అనుకున్నాను.”

నేను తల ఊపాను.

యాభై ఒకటో నిమిషంలో సన్‌షేడు మీద మొదటి ధార పడింది. పిచ్చుక లేచిపోయింది. శాంభవి మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. వీపు కదులుతుంటే ఏడుస్తోందని తెలిసింది. చెయ్యి వేశాను. ఆ పదమూడు రోజుల్లోనూ, ఇంటినిండా జనం ఉన్నప్పుడూ ఏడవని పిల్ల. ట్యాంకు పొంగుతూనే ఉంది. ఆపుదామనిపించలేదు.

కొంతసేపటికి తల ఎత్తింది. కళ్ళు తుడుచుకుంది. తను లెక్క మధ్యలో వదిలే పిల్ల కాదు. అది నాకు తెలుసు. అందుకే ఎదురుచూస్తున్నాను.

“అమ్మ ఫోన్లో మీ మిస్డ్ కాల్ ఉంది. పదకొండూ ముప్పై రెండు.”

“అవును.”

“అంటే అప్పటికి...”

“అవునమ్మా.”

తను నా ముఖంలోకి చూసింది. తర్వాత నేల మీద చూపుడువేలుతో, తడిలో, ఏదో రాసి చెరిపేసింది. “మీ స్కూలు నుంచి పది నిమిషాలు. ఫోన్ పెట్టేసిన వెంటనే బయల్దేరినా పదకొండూ నలభై మూడు. మీకు సరిపోదు నాన్నా. ఎలా చేసినా సరిపోదు.”

నా కోసం చేసిన లెక్క అది. గుర్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి. పిట్టగోడ అవతల తెరేసమ్మ గారు ఎవరితోనో ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నారు. ఆవిడ నంబరు నా ఫోనులో ఎనిమిదేళ్ళుగా ఉంది. ఆ రోజు రెండో ఫోను ఆవిడకు చేసి ఉంటే, పిట్టగోడ దాటి రావడానికి ఒక్క నిమిషం. ఆ సంగతి శాంభవి రాసుకున్న ప్రశ్నలో లేదు. నేను చేర్చలేదు.

“సరిపోదు” అన్నాను.

“అవును కదా.”

“ఊఁ. లే. తెరేసమ్మ గారు కూర తెస్తానన్నారు. అన్నం పెట్టాలి.”

తను లేచింది. ఒక్క క్షణం వీధివైపు మెట్ల దిక్కు చూసి, “ఫిజిక్స్ పుస్తకం ఒకటి పైనే ఉండిపోయింది, తెచ్చుకుంటాను” అని ఇంటి ముందుకి వెళ్ళింది. మెట్ల మీద తన అడుగులు వినపడ్డాయి. పద్దెనిమిది మెట్లు. అన్నీ లెక్కపెట్టాను.

మోటారు ఆపేశాను. తర్వాత కుళాయి కట్టేశాను.